సైన్యం పద్దు, వైద్యం పద్దు: మిలిటరీ డాక్టర్ల జాడ తీయడం ఎలా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం యుద్ధానికి వెళ్ళొచ్చిన డాక్టర్ల గురించే. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పాఠకులు రాసినవాటిని ఒకచోట చేర్చి జవాబిస్తున్నాం. కొందరు సొంత ఇంటి పెద్దల గురించి అడిగారు. ఇద్దరు జర్మన్ డాక్టర్ల గురించి అడిగారు. దేశం ఏదైనా వెతికే తీరు మాత్రం ఒకటే.

సిపాయికి ఒకటే పద్దు ఉంటుంది, సైన్యం రాసుకున్నది. మిలిటరీ డాక్టరుకు రెండు ఉంటాయి. ఒకటి సైన్యానిది, ఇంకొకటి వైద్యవృత్తిది. ఎక్కడ చదివాడు, ఏ ఏడు పట్టా పొందాడు, ఏ ఊళ్ళో ప్రాక్టీసు పెట్టాడు అన్నది సైన్యంతో సంబంధం లేకుండా మరొకరు రాసిపెట్టుకున్నారు. ఒక పద్దు కాలిపోయినా రెండోది మిగిలే వీలుంది. సైన్యం రికార్డు దొరకలేదని చేతులెత్తేసే ముందు రెండోది వెతికారా లేదా చూసుకోండి.

ప్రశ్న: మా అబ్బ వాళ్ళ నాయన మొదటి ప్రపంచ యుద్ధంలో మెసపటోమియాకు పోయొచ్చిన పెద్ద డాక్టరని ఇంట్లో చెప్పుకుంటారు. ఆయనది వెండి పతకం ఒకటి ఉంది. ఒకవైపు రాజు తల, ఇంకోవైపు గుర్రం మీద మనిషి. అంచు మీద పేరు, దాని ముందర ఎస్.ఎ.ఎస్., చివర ఐ.ఎం.డి. అని ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. ఆయన కల్నలా, కెప్టెనా? పతకాన్ని తూకానికి కొంటామని బజారులో అడుగుతున్నారు. ఇచ్చేయవచ్చా? – ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: ముందు రెండో ప్రశ్న. ఇవ్వకండి. మీరు చెప్పిన గుర్తులను బట్టి అది బ్రిటిష్ వార్ మెడల్. రాజు ఐదో జార్జి. వెనకవైపు గుర్రం బొమ్మ పక్కన 1914, 1918 అని ఉంటుంది, చూడండి. వెండి ఎంతున్నా కరిగిస్తే వచ్చేది కొద్దిగానే. ఆ అంచు మీది అక్షరాలు మాత్రం మీ ముత్తాత సర్వీసుకు ప్రభుత్వం స్వయంగా చెక్కించిన రుజువు. అలాంటిది మీ ఇంట్లో ఇంకొకటి ఉండకపోవచ్చు. తోమి మెరిపించే ప్రయత్నం కూడా వద్దు, అక్షరాలు అరుగుతాయి. ఫోటో తీసి పంపితే చాలు, పతకాన్ని విదేశాలకు పంపొద్దు. వందేళ్ళు దాటిన చారిత్రక వస్తువులను ప్రైవేటు వ్యక్తులు ఎగుమతి చేయకుండా 1972 నాటి పురావస్తువుల చట్టం ఉంది.

ఇక హోదా. ఎస్.ఎ.ఎస్. అంటే సబ్ అసిస్టెంట్ సర్జన్. ఐ.ఎం.డి. అంటే ఇండియన్ మెడికల్ డిపార్ట్‌మెంట్. ఆనాటి సైనిక వైద్యంలో మూడు మెట్లుండేవి. పైన ఇండియన్ మెడికల్ సర్వీస్ అధికారులు. లండన్‌లో పోటీ పరీక్ష నెగ్గిన వాళ్ళు, కింగ్స్ కమిషన్, అంటే రాజు పేరిట అధికారి నియామకం, ఉన్నవాళ్ళు. 1855లో ఆ పరీక్షను అందరికీ తెరిచినప్పుడు నెగ్గిన తొలి భారతీయుడు బెంగాల్ డాక్టరు సూర్యకుమార్ గుడీవ్ చక్రవర్తి. నడిమెట్టు మీద మిలిటరీ అసిస్టెంట్ సర్జన్లు, ఎక్కువమంది ఆంగ్లో ఇండియన్లు. కిందిమెట్టు మీ ముత్తాతది. 1910 దాకా వాళ్ళను హాస్పిటల్ అసిస్టెంట్లు అనేవారు. జమేదారు, సుబేదారు హోదాల దాకా వెళ్ళేవారు. కాబట్టి ఆయన కల్నలూ కాదు, కెప్టెనూ కాదు. దానికి చిన్నబోవలసిన పని లేదు. పల్టన్లలో సిపాయి భాషలో మాట్లాడి, గాయానికి మొదటి కట్టు కట్టింది ఎక్కువగా ఆ మెట్టు వాళ్ళే.

ఒక సంగతి గుర్తుంచుకోండి. డి.జి. క్రాఫర్డ్ 1930లో ప్రచురించిన ఇండియన్ మెడికల్ సర్వీస్ పట్టిక ఈ పనికి అందరూ చెప్పే పుస్తకం. 1615 నుంచి 1930 దాకా పనిచేసిన అధికారులందరి పేర్లూ అందులో ఉన్నాయి. కానీ అది పై మెట్టు వాళ్ళది. మీ ముత్తాత పేరు అందులో లేకపోతే "ఆయన సైన్యంలోనే లేడు" అనుకోకండి. చాలామంది పొరపడేది ఇక్కడే.

మీరు వెతకాల్సింది మూడుచోట్ల. ఒకటి, వైద్యం పద్దు. 1914లో మద్రాసు మెడికల్ రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. అప్పటినుంచి ప్రెసిడెన్సీలో ప్రాక్టీసు చేసే డాక్టర్ల పేరు, పట్టా, చిరునామాలతో రిజిస్టరు అచ్చవుతూ వచ్చింది. ఎల్.ఎం.పి., అంటే లైసెన్స్‌డ్ మెడికల్ ప్రాక్టీషనర్, పట్టా వాళ్ళు కూడా అందులో ఉంటారు. యుద్ధం తర్వాత ఆయన ప్రొద్దుటూరులో ప్రాక్టీసు పెట్టి ఉంటే పేరు తగలాలి. రాయపురం మెడికల్ స్కూల్లో, అంటే నేటి స్టాన్లీ కళాశాలలో, చదివి ఉంటే అక్కడి పాత ప్రవేశ పుస్తకాల గురించి కూడా అడగండి.

రెండు, ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజెట్. నియామకాలు, బదిలీలు, సెలవులు అందులో పడేవి. యుద్ధ కాలంలో సివిల్ ఆసుపత్రుల నుంచి సైన్యానికి తాత్కాలికంగా వెళ్ళిన వాళ్ళున్నారు. మీ ముత్తాత అలాంటివాడైతే వెళ్ళిన తేదీ, తిరిగొచ్చిన తేదీ ఇక్కడే దొరకాలి. చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఈ గెజెట్ ఉంది. కడప 1800లో నిజాం కంపెనీకి ఇచ్చేసిన దత్తమండలం. అందుకే మన జిల్లా పాత కాగితాలకు దారి హైదరాబాదు కాదు, మద్రాసు.

మూడు, యుద్ధ దినచర్యలు. ప్రతి ఫీల్డ్ అంబులెన్సు, ప్రతి సైనిక ఆసుపత్రి రోజువారీ డైరీ రాసేది. లండన్ శివారు క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూ.ఓ. 95 అనే వరుసలో అవి ఉన్నాయి. డాక్టర్లు చేరినప్పుడు, జబ్బుపడినప్పుడు, బదిలీ అయినప్పుడు పేరు రాయడం కద్దు. అదే ఆర్కైవ్స్‌లోని పతకాల సూచిక కార్డుల్లో భారత సైన్యం వాళ్ళవీ కొన్ని ఉన్నాయి.

ఇంట్లో ఉత్తరాలు ఉన్నాయేమో కూడా చూడండి. కెప్టెన్ కల్యాణ్ కుమార్ ముఖర్జీ అనే బెంగాలీ డాక్టరు మెసపటోమియాలోని కూత్ ముట్టడిలో చిక్కుకున్నాడు. 1916 ఏప్రిల్ 29న అక్కడి బ్రిటిష్ దండు లొంగిపోయాక తుర్కులకు బందీ అయ్యి, 1917లో బందీగానే చనిపోయాడు. ఆయన ఇంటికి రాసిన ఉత్తరాలను వాళ్ళ అవ్వ మోక్షదా దేవి దాచి, 1928లో పుస్తకంగా తెచ్చింది. ఆ యుద్ధంలో భారతీయ డాక్టరు ఏమనుకున్నాడో ఏ సర్కారు కాగితమూ అంత చెప్పలేదు. మీ అటకలు, ట్రంకుపెట్టెలు ఒకసారి దించండి.

ప్రశ్న: మా అవ్వ పుట్టింది జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రిలో. అప్పుడు అక్కడుండిన తెల్లదొర మిలిటరీ డాక్టరని ఆమె చెప్పేది. ఆయన సర్వీసు రికార్డు ఢిల్లీలో దొరుకుతుందా? – ఒక టీచరు, జమ్మలమడుగు

జవాబు: ఢిల్లీలో కాదు, లండన్‌లో వెతకాలి. అదీ సైనిక దఫ్తరంలో కాదు. క్యాంబెల్ ఆసుపత్రి లండన్ మిషనరీ సొసైటీది. అక్కడి దొరలు మిషన్ జీతగాళ్ళు, సర్కారు ఉద్యోగులు కారు. ఆ సొసైటీ 1795లో పుట్టింది. దాని పాత కాగితాలు ఇప్పుడు లండన్ విశ్వవిద్యాలయంలోని సోయాస్ గ్రంథాలయంలో ఉన్నాయి. జమ్మలమడుగు నుంచి దొరలు ఏటా పంపిన నివేదికలు, ఉత్తరాలు అక్కడ వెతకండి. సొసైటీ తన పత్రిక 'క్రానికల్' కూడా నడిపేది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక ఆసుపత్రి ఆ సంఘం కిందికి వచ్చింది. కాబట్టి తర్వాతి కాలం కాగితాలకు ఆసుపత్రినీ డయోసీసునూ అడగాలి.

అవ్వ చెప్పిందాంట్లో నిజం లేదని అనను. యుద్ధ కాలంలో మిషన్ డాక్టర్లు కొందరు తాత్కాలిక కమిషన్ తీసుకుని సైన్యంలో చేరిన మాట వాస్తవం. మీ అవ్వ చూసిన దొర అలా వెళ్ళాడా లేదా తేల్చడానికి మూడు పరీక్షలు చాలు. ఆయన పేరుతో లండన్ గెజెట్ వెతకండి. కమిషన్ ఇస్తే అందులో పడి తీరాలి. ఆన్‌లైన్‌లో ఉచితంగానే చూడొచ్చు. తర్వాత క్రాఫర్డ్ పట్టిక. ఆ తర్వాత బ్రిటన్ మెడికల్ రిజిస్టరు. 1858 చట్టం తర్వాత అక్కడ ఏటా అచ్చయిన ఈ పుస్తకంలో ప్రతి డాక్టరు పట్టా, చిరునామా ఉంటాయి. ఒక డాక్టరు చిరునామా అన్నేళ్ళూ జమ్మలమడుగే అయి, గెజెట్‌లో పేరు లేకపోతే ఆయన మిలిటరీ మనిషి కాదనే అనుకోవాలి. ఖాకీ నిక్కరు, గుర్రం, గట్టి గొంతు ఉన్న ప్రతి దొరనూ జనం మిలిటరీ కిందే జమకట్టిన రోజులవి.

మీ విద్యార్థులకు ప్రాజెక్టుగా ఇవ్వాలంటే ఈ ఆసుపత్రి చరిత్ర మంచి విషయం. వై.ఎస్. రాజశేఖర రెడ్డి రాజకీయాల్లోకి రాకముందు కొత్త డాక్టరుగా పనిచేసింది జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలోనే. ఆ తర్వాత 1973లో పులివెందులలో తండ్రి పేరిట ఆసుపత్రి కట్టించాడు. దొరల కాలం నుంచి అప్పటిదాకా ఎవరెవరు పనిచేశారో వరుసగా పేర్ల పట్టిక రాయించండి. అంతటితోనే మీ ప్రశ్న సగం తేలుతుంది.

ప్రశ్న: మా పాప జర్మనీలో, స్టుట్‌గార్ట్‌లో ఎం.ఎస్. చదువుతోంది. ఇంటి ఓనరమ్మ పెద్దావిడ. వాళ్ళ తాత ఫోటో చూపించి, "మీ దేశంలో ఖైదీగా ఉన్నాడు, వివరాలు మీ నాన్నకు తెలుస్తాయేమో" అందట. యూనిఫాం, భుజం మీద పాము చుట్టుకున్న కర్ర, రెండు నక్షత్రాలు. ఒక పక్క అంచు పైకి మడిచిన పెద్ద టోపీ చేతిలో ఉంది. వెనక పాత జర్మన్ చేతిరాతలో 'అహ్మద్‌నగర్' అన్న మాట మాత్రం చదవగలిగారు. ఆఫ్రికాలో పట్టుబడ్డాడని ఇంట్లో వాళ్ళ మాట. ఎక్కడ మొదలుపెట్టాలి? – ఒక పాఠకుడు, పులివెందుల

జవాబు: మీ ఫోటో ఇప్పటికే సగం కథ చెప్పింది. పాము చుట్టిన కర్ర వైద్యాధికారి గుర్తు. జర్మన్ సైన్యంలో డాక్టర్ల హోదాలకు వేరే పేర్లుండేవి. భుజపట్టీ మీద నక్షత్రం లేకపోతే అసిస్టెంట్స్‌ఆర్ట్స్ట్, అంటే లెఫ్టినెంటుతో సమానం. ఒకటుంటే ఓబర్ఆర్ట్స్ట్. రెండుంటే స్టాబ్స్‌ఆర్ట్స్ట్, అంటే కెప్టెన్ హోదా. అంచు మడిచిన టోపీ వలస రాజ్యాల్లోని జర్మన్ రక్షణ దళం, షుట్స్‌ట్రుప్పె వాళ్ళది. ఆఫ్రికా మాట దానితో సరిపోతోంది.

అహ్మద్‌నగర్ కూడా సరిపోతోంది. ఇప్పుడు అహిల్యానగర్ అంటున్న ఆ ఊళ్ళో మొదటి యుద్ధ కాలంలో జర్మన్ల బందీ శిబిరం ఉండేది. భారతదేశంలో ఉన్న జర్మన్ వర్తకులను, మిషనరీలను, తూర్పు ఆఫ్రికాలో పట్టుబడ్డ వాళ్ళను అక్కడ ఉంచారు. మన నెల్లూరు, చిత్తూరు వైపు హెర్మన్స్‌బుర్గ్ మిషన్ నడిపిన జర్మన్లూ ఆ యుద్ధంలో నిర్బంధం పాలయ్యారు. 1915–16లో మిషనరీలను, ఆడవాళ్ళను, పిల్లలను స్వదేశానికి చేర్చిన ఓడ పేరు గోల్కొండ.

తూర్పు ఆఫ్రికా యుద్ధానికీ మనకూ సంబంధం ఉంది. 1914 నవంబరు మొదటి వారంలో టాంగా రేవు మీద బ్రిటిష్ వాళ్ళు దింపిన దండులో మద్రాసు పల్టన్లయిన 63వ పాలంకోట లైట్ ఇన్‌ఫంట్రీ, 61వ పయొనీర్లు ఉన్నాయి. దాడి చెడి ఓడలెక్కేటప్పుడు గాయపడ్డ వాళ్ళను తీరం మీదే వదలాల్సి వచ్చింది. వాళ్ళకు వైద్యం చేసింది జర్మన్ ఆసుపత్రే. ఓనరమ్మ తాత ఆ సమయంలో అక్కడుంటే ఆయన చేతి కట్టు మన సిపాయిలకూ పడి ఉండొచ్చు. అది రుజువు చేయడానికి ముందు ఆయన ఏ రాజ్యం వాడో తెలియాలి.

మొదటి ప్రశ్న అదే. ఏ ఊళ్ళో పుట్టాడు? 1918 దాకా జర్మనీలో ఒకే దఫ్తరం లేదు. ప్రష్యా, బవేరియా, సాక్సనీ, వుర్టెంబెర్గ్ ఎవరి సైన్యం కాగితాలు వాళ్ళు దాచుకునేవారు. ప్రష్యా వాడైతే కష్టమే. పోట్స్‌డాంలోని ప్రష్యా సైనిక దఫ్తరం 1945 ఏప్రిల్‌లో బాంబుల దాడికి కాలిపోయింది. బవేరియా కాగితాలు మ్యూనిక్ యుద్ధ దఫ్తరంలో, సాక్సనీవి డ్రెస్డెన్‌లో, బాడెన్ ప్రాంతపు దండువి కార్ల్స్‌రూహెలో మిగిలాయి. వుర్టెంబెర్గ్ వాడైతే మీ పాప అదృష్టవంతురాలు. అధికారుల వ్యక్తిగత ఫైళ్ళున్న హాప్ట్‌స్టాట్స్‌ఆర్కైవ్ ఆమె ఉన్న ఊళ్ళోనే, స్టుట్‌గార్ట్‌లోనే ఉంది. వలస రాజ్యాల మంత్రిత్వ శాఖ ఫైళ్ళు బెర్లిన్ లిష్టెర్‌ఫెల్డెలోని ఫెడరల్ ఆర్కైవ్స్, బుండెస్‌ఆర్కీవ్‌లో ఉన్నాయి.

ప్రష్యా వాడే అయితే వైద్యం పద్దుకు వెళ్ళండి. జర్మనీలో డాక్టరు అనిపించుకోవాలంటే పరిశోధన వ్యాసం రాసి అచ్చు వేయించాలి. ఆ పుస్తకం చివర అభ్యర్థి తన బతుకు గురించి అరపేజీ రాసేవాడు: పుట్టిన తేదీ, ఊరు, తండ్రి వృత్తి, మతం, చదివిన బడులు, గురువుల పేర్లు. చాలా వ్యాసాలు విశ్వవిద్యాలయాల గ్రంథాలయాల్లో ఉన్నాయి. ఇంటిపేరుతో, ఏడుతో అడిగితే ప్రతి పంపుతారు. సైనిక ఫైలు కాలిపోయిన మనిషి గురించి ఆయన సొంత మాటల్లో దొరికే కాగితం ఇది. దాని తర్వాత రైష్స్ మెడిట్సినాల్ కలెండర్ చూడాలి. జర్మనీ డాక్టర్ల పేర్లు, ఊళ్ళతో వచ్చిన డైరెక్టరీ ఇది. 1905లో ఒక ఊళ్ళో, 1912లో ఆఫ్రికాలో, 1925లో మళ్ళీ సొంత ఊళ్ళో పేరు కనిపిస్తే ఆయన బతుకు దారి గీసుకోవచ్చు. సైన్యపు అధికారుల పట్టికలు కూడా అచ్చులో వచ్చాయి. అచ్చయినవి ఎన్నో చోట్ల ఉంటాయి కనుక పోట్స్‌డాం మంట వాటిని తినలేదు.

ఖైదు గురించి జెనీవాలోని అంతర్జాతీయ రెడ్‌క్రాస్‌ను అడగాలి. 1914–18 బందీల సూచిక కార్డులు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉన్నాయి. ఒక్క సంగతి. 1906 జెనీవా ఒప్పందం ప్రకారం వైద్యులు యుద్ధఖైదీలు కారు. అవసరం తీరాక వాళ్ళను స్వదేశానికి పంపాలి. కాబట్టి ఆయన కార్డులో విడుదల తేదీ తోటివాళ్ళకంటే ముందుంటే ఆశ్చర్యపడకండి. భారతదేశం వైపు నుంచి న్యూఢిల్లీ జనపథ్‌లోని జాతీయ ఆర్కైవ్స్‌లో నిర్బంధితుల మీద ఫైళ్ళున్నాయి. వాళ్ళ 'అభిలేఖ్ పటల్' పోర్టల్‌లో అహ్మద్‌నగర్ అన్న పేరుతో, డాక్టరు ఇంటిపేరుతో వేర్వేరుగా వెతకండి.

ఫోటో వెనక రాత ఆ కాలపు కుర్రెంట్ లిపి అయ్యుంటుంది. ఈనాటి జర్మన్లు కూడా చాలామంది చదవలేరు. పాప చేత చదివించే ప్రయత్నం మానుకుని, స్కాన్ చేసి ఆర్కైవ్స్ వాళ్ళకు చూపించమనండి.

చేయి తిరగడం కోసం ముందు ఒక పేరున్న మనిషి మీద ఈ పద్ధతి ప్రయోగించి చూడండి. గేయోర్గ్ గాఫ్కీ సైనిక వైద్యుడిగా మొదలై బెర్లిన్ ఆరోగ్య కార్యాలయంలో రాబర్ట్ కాఖ్ దగ్గర చేరాడు. 1883–84లో కాఖ్‌తో కలిసి కలకత్తాకు వచ్చాడు. కలరా క్రిమి గుట్టు విప్పిన యాత్ర అది. 1897లో ప్లేగు పరిశోధనకు జర్మన్ కమిషన్‌కు నాయకుడిగా బొంబాయి వచ్చాడు. సైనిక హోదా ఏ పుస్తకంలో ఉంది, ఉద్యోగం ఏ పుస్తకంలో ఉంది, భారతదేశపు రోజులు ఏ ఫైల్లో ఉన్నాయి అని ఆయన విషయంలో గుర్తించగలిగితే, ఓనరమ్మ తాత విషయంలో ఏది ఎక్కడ అడగాలో తెలిసిపోతుంది.

ప్రశ్న: నేను జర్మనీలో శిక్షణ పొందినప్పుడు నన్ను కొడుకులా చూసిన ప్రొఫెసరు ఈమధ్య పోయారు. ఆయన తండ్రి రెండో ప్రపంచ యుద్ధంలో సైనిక వైద్యుడు. స్మారక సంచికలో ఆ తండ్రి గురించి కూడా రాయాలని ఉంది. రికార్డు దొరుకుతుందా? – ఒక డాక్టరు, జమ్మలమడుగు

జవాబు: దొరకవచ్చు. కానీ కుటుంబం అనుమతి లేకుండా మొదలుపెట్టకండి.

రెండో యుద్ధపు జర్మన్ సైనికుల కబుర్లు కుటుంబాలకు చెప్పడానికి బెర్లిన్‌లో ఒక కార్యాలయం ఉండేది. పాతవాళ్ళు దాన్ని వాస్ట్ అంటారు. 2019 జనవరి 1న అది బుండెస్‌ఆర్కీవ్‌లో కలిసిపోయింది. పూర్తి పేరు, పుట్టిన తేదీ, ఊరుతో దరఖాస్తు పెడితే యూనిట్లు, గాయాలు, ఖైదు వివరాలు వెతికి చెబుతారు. జవాబుకు నెలలు పడుతుంది. అధికారుల ఫైళ్ళు ఫ్రైబుర్గ్‌లోని సైనిక ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. యుద్ధంలో చనిపోయినవాడైతే సమాధి వివరం జర్మన్ యుద్ధ సమాధుల సంఘం, ఫోల్క్స్‌బుండ్, ఆన్‌లైన్ శోధనలో ఉంటుంది. మామూలుగా మనిషి పోయి పదేళ్ళు దాటాలి, పోయిన తేదీ తెలియకపోతే పుట్టి వందేళ్ళు దాటాలి. అప్పుడే వ్యక్తిగత ఫైలు ఇతరులకు తెరుస్తారు.

ఇక మీరు అడగని ప్రశ్న ఒకటుంది. ఆ కాలపు జర్మన్ డాక్టరు గురించి రాసేవాళ్ళు నాజీ పార్టీ సభ్యత్వ కార్డులు కూడా చూడాలి. యుద్ధం తర్వాత అమెరికన్ల చేతిలో ఉన్న ఆ కార్డులను 1994లో జర్మనీకి అప్పగించారు. అవిప్పుడు బెర్లిన్ బుండెస్‌ఆర్కీవ్‌లో ఉన్నాయి. 1946–47లో నూరెంబర్గ్‌లో జరిగిన వైద్యుల విచారణలో 23 మంది నిందితులు. వాళ్ళలో జర్మన్ సైన్య వైద్య విభాగానికి పెద్ద అయిన సీగ్‌ఫ్రీడ్ హాండ్‌లోజర్ ఒకడు. ఆయనకు యావజ్జీవ శిక్ష పడింది. మీ గురువుగారి తండ్రి వేలమంది మామూలు డాక్టర్లలో ఒకడై ఉండొచ్చు. అయినా చూడకుండా పొగడ్త రాయడం కన్నా, చూసి రాయడమో చూసి ఊరుకోవడమో మేలు. కార్డు ఒకటి దొరికినంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదు, దొరకనంత మాత్రాన కడిగేసినట్టూ కాదు. గురువుగారి పిల్లలతో ముందే మాట్లాడండి: "ఏం దొరికినా మీకే ముందు చూపిస్తా, వేయాలో వద్దో మీరు చెప్పండి."

ప్రశ్న: మా అబ్బ ఎల్.ఎం.పి. డాక్టరు. రెండో యుద్ధంలో బర్మా సరిహద్దుకు పోయి, వచ్చినాక పులివెందుల చుట్టుపక్కల పల్లెల్లో వైద్యం చేసినాడు. పెన్షన్ ఏమీ రాలేదు. సమాచార హక్కు కింద అడిగితే రికార్డు ఇస్తారా? – ఒక పాఠకురాలు, పులివెందుల

జవాబు: అడగొచ్చు. కానీ ఏమడగాలో తెలిసి అడగండి. 1943 ఏప్రిల్ 3న ఇండియన్ మెడికల్ సర్వీస్, ఇండియన్ మెడికల్ డిపార్ట్‌మెంట్, హాస్పిటల్ కోర్ మూడింటినీ కలిపి ఇండియన్ ఆర్మీ మెడికల్ కోర్ చేశారు. ఎల్.ఎం.పి.లకు కూడా ఆ కోర్‌లో కమిషన్ దక్కింది. మీ అబ్బ 1943కు ముందు చేరాడా, తర్వాత చేరాడా అన్నదాన్ని బట్టి హోదా మారుతుంది.

ఈనాడు ఆ కోర్ కేంద్రం, రికార్డుల కార్యాలయం లక్నోలో ఉన్నాయి. సిపాయి, జె.సి.ఓ. (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్) హోదాల వాళ్ళ కాగితాలు అక్కడ అడగాలి. పెన్షన్ లేని వాళ్ళ సర్వీసు పత్రాలను 25 ఏళ్ళ తర్వాత నాశనం చేసే నియమం ఉంది. అందుకే "సర్వీసు పత్రాలు ఇవ్వండి" అని అడిగితే "లేవు" అనే జవాబు రావచ్చు. "లాంగ్ రోల్‌లో ఉన్న వివరాలు ఇవ్వండి" అని అడగండి. పత్రాలు పోయినా లాంగ్ రోల్ దాచి ఉంచుతారు. చేరిన తేదీ, విడుదల తేదీ, కారణం అందులో ఉంటాయి. ఆయన కమిషన్ ఉన్న అధికారి అయితే నియామకం భారత ప్రభుత్వ గెజెట్‌లో పడి ఉండాలి. అది జాతీయ ఆర్కైవ్స్‌లో చూడొచ్చు.

దరఖాస్తుకు మీరు ఆయన మనవరాలని చూపే కాగితం, ఆయన మరణ ధ్రువీకరణ జతచేయండి. లేకపోతే మూడో వ్యక్తి సమాచారమని తిప్పి పంపుతారు. కడపలోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం వాళ్ళు దరఖాస్తు రాయడంలో సాయం చేస్తారు, ముందు అక్కడికే వెళ్ళండి. వైద్యం పద్దు ఇక్కడా ఉంది. మద్రాసు మెడికల్ రిజిస్టరులో 1930ల నాటి సంచికలు, 1950ల నాటివి రెండూ చూస్తే మధ్యలో సైన్యపు ఖాళీ బయటపడుతుంది. ఆ యుద్ధంలో భారత సైనిక వైద్య సేవల చరిత్రను బి.ఎల్. రైనా సంపాదకత్వంలో ప్రభుత్వం సంపుటాలుగా వేసింది. మీ అబ్బ పనిచేసిన ఆసుపత్రి పేరు తెలిస్తే, అది ఏ రంగంలో ఎప్పుడు నడిచిందో వాటిలో వెతకండి.

ప్రశ్న: మా తాత రికార్డు లండన్ నుంచి తెప్పిస్తానని ఒక ఏజెంటు పెద్ద మొత్తం అడుగుతున్నాడు. ఇవ్వొచ్చా? మేమే వెతికితే పేరు ఎక్కడా తగలడం లేదు. – ఒక వ్యాపారి, ప్రొద్దుటూరు

జవాబు: పేరు తగలకపోవడానికి కారణం మీరు వెతికే స్పెల్లింగు కావచ్చు. ఆనాటి గుమాస్తాలు చెవికి వినబడ్డట్టు రాశారు. నాయుడు ఒకచోట నాయుడు, ఒకచోట నైడూ. రెడ్డికి చివర ఐ ఒకచోట, వై ఒకచోట. ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందు ఉండొచ్చు, మొత్తంగా చివర ఉండొచ్చు, అసలే ఉండకపోవచ్చు. ఊరి పేరు దగ్గర కూడా కడప అని ఇప్పటి స్పెల్లింగుతో వెతికితే ఏమీ రాదు. 2005 దాకా జిల్లాకు ఇంగ్లీషులో కుడప్పా అని పలికే పాత స్పెల్లింగే ఉండేది. ప్రొద్దుటూరుకూ రెండు మూడు రకాలున్నాయి. ఎన్ని రకాలుగా రాయొచ్చో అన్నీ ఒక కాగితం మీద రాసుకుని ఒక్కొక్కటే కొట్టి చూడండి.

చనిపోయిన సైనికుల విషయంలో ఇంకో చిక్కుంది. మొదటి యుద్ధం తర్వాత మెసపటోమియాలో పోయిన భారతీయ సిపాయిల పేర్లను బస్రా స్మారకం రాతి మీద అందరివీ చెక్కలేదు, పల్టనుకు ఇంతమంది అని అంకె వేశారు. కాబట్టి స్మారకం ఫోటోలో పేరు లేదని ఆగిపోకండి. కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల సంఘం ఆన్‌లైన్ జాబితాలో చూడండి.

ఇక ఏజెంటు. కామన్‌వెల్త్ జాబితా, రెడ్‌క్రాస్ కార్డులు, లండన్ గెజెట్, అభిలేఖ్ పటల్ శోధన: ఈ నాలుగూ ఉచితం, ఇంట్లో కూర్చుని చేసుకునేవే. డబ్బు ఖర్చయ్యేది ప్రతులు తెప్పించుకునేటప్పుడు, లేదా క్యూలోనో చెన్నైలోనో ఎవరో మనిషి రోజంతా కూర్చుని పేజీలు తిప్పాల్సి వచ్చినప్పుడు. అప్పుడు కూడా మొత్తం ముందే ఇవ్వకండి. ఏ దఫ్తరం, ఏ వరుస, ఏ సంవత్సరాలు చూస్తాడో రాసిమ్మనండి. దొరకకపోయినా ఏమేం చూశాడో జాబితా ఇవ్వాలని ఒప్పించండి. "సర్వీసు రికార్డు తెస్తా" అనేవాడిని "ఏ వరుసలోంచి?" అని అడగండి. జవాబు చెప్పలేనివాడు వెతకలేడు.

అన్నిటికన్నా ముందు రెండు కాగితాలు సంపాదించండి. తాత పట్టా లేదా మెడికల్ రిజిస్టరులో ఆయన పేరున్న పేజీ ఒకటి. ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పింది, ఎవరు చెప్పారు, ఏ రోజు చెప్పారు అని రాసి పెట్టిన కాగితం ఒకటి. ఈ రెండూ చేతిలో ఉంటే సగం వెతుకులాట మీరే ముగిస్తారు. మిగిలిన సగానికి ఏజెంటు ఎంత అడుగుతాడో అప్పుడు బేరం ఆడండి.